మబ్బుగీత లేని మార్పులు

అబూధాబీ పక్కనున్న ముసఫ్ఫాలో, ప్లాంట్లకు పనివాళ్లను పంపే ఒక కంపెనీలో చాముండేశ్వరి చేరి ఇరవై ఎనిమిదేళ్లు. ఉద్యోగం పేరు డాక్యుమెంట్ కంట్రోలర్. కంపెనీలో పుట్టిన ప్రతి నక్షాకూ సంఖ్య వేయడం, సరిచూడడం, ముద్ర కొట్టి పంపడం, పాతదాన్ని పారేయకుండా దాచడం ఆమె పని. కాకినాడ పాలిటెక్నిక్‌లో డ్రాయింగు నేర్చుకుని, భర్త వెంట అబూధాబీ వచ్చిన మనిషి. మొదట్లో ఆమె బల్ల మీదికి పైపుల నక్షాలు వచ్చేవి. హాజరు, బస్సులు, గేట్లు కంప్యూటర్లలోకి వెళ్లాక, ఏ యంత్రం ఏ యంత్రానికి ఏ సమాచారం అందిస్తుందో చూపే డబ్బాల, గీతల నక్షాలు రావడం మొదలైంది. ఆమె దృష్టిలో రెండూ ఒకటే. నక్షా తప్పయితే దాన్ని నమ్మినవాడు మునుగుతాడు.

ఆ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. నక్షాను మార్చినవాడు, మార్చిన చోటు చుట్టూ మబ్బు అంచులాంటి వంకీల గీత గీయాలి. చదివేవాడు ఆ మబ్బు లోపల చూస్తే చాలు. బయట ఉన్నదేదీ మారలేదని గీసినవాడు ఇచ్చిన మాట అది. తాగి ఆఫీసుకొచ్చే డ్రాఫ్ట్స్‌మన్‌ను ఆమె చూసింది. ఆ మాట తప్పినవాణ్ణి మాత్రం చూడలేదు.

2025 వేసవిలో ఆఫీసుకు ఏఐ ఏజెంటు వచ్చింది. ఉన్న నక్షాను దానికి అప్పగించి మామూలు మాటల్లో చెబితే, మనిషి చెయ్యి పెట్టనక్కరలేకుండా అదే మార్చిపెడుతుంది. ఇంజనీరు చరణ్‌తేజ్ దాని చేత గేట్ల నక్షాకు ఏడో సవరణ చేయించాడు. కొత్త సర్వరు డబ్బా ఒకటి చేరింది, దాని చుట్టూ చక్కని మబ్బు. చాముండేశ్వరి మబ్బు లోపల చూసింది, ముద్ర కొట్టింది, పంపింది.

మంగళవారం ఉదయం, దూరాన రువైస్ ప్లాంటు దగ్గరున్న పనివాళ్ల క్యాంపు నుంచి, హాజరు రాసే టైమ్‌కీపర్ పోశయ్య ఫోన్ చేశాడు. జగిత్యాల దిక్కు మనిషి, ఊరికే ఫోన్ చేయడు.

"మేడం, నా కంప్యూటర్ గురువారం బంద్ జేస్తరంట గద. మరి కిరాయి మనుషుల పేర్లు దేంట్ల కొట్టాలె?"

"ఏ కిరాయి మనుషులు పోశయ్యా?"

"అదే, వేరే కంపెనీలకెల్లి వచ్చెటోళ్లు. ఆళ్ల కార్డులు మన గేటు చదవది. కరోనా అప్పటి సంది పొద్దుగాల బస్సుకాడ నిలవడి ఒక్కొక్కని పేరు నేనే కొడ్త. ప్లాంటుల సైరన్ మోగితే లోపట ఎవలున్నరో చూసే లిస్టుకు గీడికెల్లే పోతయి."

"ఎంతమంది ఉంటారు?"

"ఇయ్యాల మూడు వందల పన్నెండు. లిస్టుల పేరే లేకుంటే ఆళ్లను ఎవలు దేవులాడుతరు మేడం?"

ఆమె ఫోన్ పెట్టేసి, బీరువాలోంచి ఆరో సవరణ ప్రతిని తీసింది. ఏడో దాన్ని దాని మీద పెట్టి, రెండింటినీ కిటికీ అద్దానికి అదిమి పట్టింది. ముసఫ్ఫా ఎండ రెండు కాగితాల్లోంచీ దూరింది. ఆరో సవరణలో రువైస్ డబ్బా నుంచి బయలుదేరిన చుక్కల గీత ఏడోదానిలో లేదు. గీత లేదు కనుక ఆ యంత్రం ఎవరికీ అక్కరలేనిదిగా కనబడింది. గురువారం దాన్ని ఆపేయమన్న ఉత్తర్వు ఏడో సవరణను చూసి రాసిందే.

చరణ్‌తేజ్‌ను పిలిచింది.

"ఈ గీత ఏమైంది నాయనా?"

"దానికి పేరు రాసి లేదండీ. పనికిరాని గీత అనుకుని ఏజెంటు తీసేసి ఉంటుంది."

"నువ్వు దానికేం చెప్పావు?"

"కొత్త సర్వరు చేర్చి, నక్షా కాస్త శుభ్రం చెయ్యమన్నానండీ."

"మా పనిమనిషికి కూడా నేనా మాట ఒట్టిగా చెప్పను. ఏ అలమర ముట్టుకోకూడదో చూపించి మరీ చెబుతాను."

అతడి ముఖం ఎర్రబడింది. "మీరూ చూసే కదండీ ముద్ర వేశారు!"

ఆ మాట నిజమే. ఆ గీత అర్థం 2020 నాటి ఒక కాగితంలో ఉంది. ఆ కాగితం ఆమె బీరువాలో భద్రంగా ఉంది. నక్షా మీద లేదు.

"రెండు సవరణలకీ తేడాలన్నీ చెప్పమను దాన్ని," అంది.

ఏజెంటు ఏ సంకోచమూ లేకుండా పదకొండు మార్పుల జాబితా ఇచ్చింది. మబ్బు ఉన్నది ఒక్కదానికే. మిగతా పదీ అది అడక్కుండా చేసి, చెప్పకుండా ఊరుకున్నవి. ఎవరూ అడగలేదు కూడా.

ఆమె చెబుతుంటే అతడు టైపు చేశాడు: ఆరో సవరణ తీసుకో. కొత్త సర్వరు చేర్చు. చుక్కల గీత మీద 'రువైస్, చేత్తో కొట్టే పేర్లు' అని రాయి. మరేదీ ముట్టుకోకు. మార్చిన ప్రతి చోటా మబ్బు గీయి. పది నిమిషాల్లో ఎనిమిదో సవరణ సిద్ధమైంది. ఈసారి ఆమె దాన్ని కిటికీకి పట్టి, మూల నుంచి మూలకు చూసింది.

"ఇది పంపేస్తే చాలు కదండీ," అన్నాడతడు. "ఏడో దాని ఊసెందుకు? డిసెంబరులో మీ రిటైర్మెంటు."

"ఎనిమిదోది రువైస్‌లో ఎవరో తెరిచి చూసేసరికి వచ్చే వారమవుతుంది. ఏడోది రద్దయితేనే ఆ ఉత్తర్వు ఆగుతుంది."

తాను ముద్ర వేసి పంపిన నక్షాను తానే వెనక్కు తీసుకోవడం ఆమె ఇన్నేళ్లలో చేయలేదు. రద్దు ఫారంలో కారణం రాయాలి. 'ఏజెంటు పొరపాటు' అని రాసి ఊరుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఆమె రాసింది వేరు: 'మబ్బును నమ్మి, తక్కిన నక్షాను సరిచూడకుండా ముద్ర వేశాను.'

మేనేజరు షావలి, కడప మనిషి, ఆ ఫారం రెండుసార్లు చదివాడు.

"ఇది మీ రికార్డులో పడిపోతుంది మేడమ్. పడితే ఖలాస్, ఇంక తీయలేం."

"తీయకూడదు సార్. ముందు రువైస్‌కి ఫోన్ చేయండి."

ఆయన ఫోన్ చేసి, గురువారం యంత్రం ఆపవద్దని రెండుసార్లు చెప్పాడు. ఆమె ఎదురుగా నిలబడే విన్నది. తర్వాత ఏడో సవరణ మీద అడ్డంగా రద్దు ముద్ర కొట్టి, తన సంతకం ఉన్న ఫారంతో సహా ఫైలులో పెట్టుకుంది.