గోదావరిఖనిలో బొగ్గు ఫేస్‌వాష్

ఒకే ఒక్క మధ్యాహ్నం, ఇరవై ముగ్గురు పెద్దమనుషుల మొఖాలకు నేను మసి పూశాను. ఏదో మాటవరసకు అంటున్నానని అనుకునేరు. నిజంగానే పూశాను, అదీ మైకు పట్టుకుని పిలిచి మరీ. వాళ్ళలో మా చర్చి పాస్టరయ్య ఉన్నారు, ఇద్దరు గని సూపర్‌వైజర్లు ఉన్నారు, మా సొంత మేనమామ ఉన్నాడు, ఆ రోజే రిటైరైన మా బాపు ఉన్నాడు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే కాస్త దాచుకుని నవ్వండి, ఇది పోనుపోను ముదిరే వ్యవహారం.

మాది గోదావరిఖని. పుట్టిందీ పెరిగిందీ బొగ్గుగనుల కాలనీ క్వార్టర్లోనే. బాపు రాజరత్నం గనిలో సపోర్ట్‌మన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలి మనుషుల మీద పడకుండా దుంగలు నిలబెట్టడం, బోల్టులు బిగించడం ఆయన పని. చివరి నాలుగేళ్ళు మాత్రం నడుము నొప్పి వల్ల కిందికి దిగనివ్వకుండా పైన, గనిలోకి దిగేవాళ్ళకు టోపీ లైట్లిచ్చే గదిలో కూర్చోబెట్టారు. అమ్మ కరుణమ్మ. నేను సలోమిని, ఒక్కగానొక్క కూతుర్ని, పైగా కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఆ "పైగా" దగ్గరే అసలు గొడవంతా మొదలైంది.

చదువయ్యాక హైదరాబాద్‌లో ఒక సౌందర్య సాధనాల కంపెనీలో ఏడాదిన్నర పనిచేశాను. పని అంటే పెద్దవాళ్ళు క్రీములు కలిపిన గిన్నెలు కడగడం, సీసాల మీద చీటీలు అంటించడం. గిన్నెలు కడిగినంత మాత్రాన కలపడం కూడా వచ్చేసిందని నాకు ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ, వాళ్ళు చాలా గట్టిగానే చెప్పి ఉండాలి. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి, సొంత బ్రాండు పెడుతున్నానని ప్రకటించాను. అప్పట్లో పట్నంలో అమ్మాయిలు బొగ్గు ఫేస్‌వాష్ అంటే ఎగబడి కొంటున్నారు. బొగ్గు పేరుతో ఎవరో ఎక్కడో సొమ్ము చేసుకుంటుంటే, బొగ్గు మీద పుట్టిన దాన్ని నేను ఊరుకుంటానా?

బాపు మంచం మీద పేపరు చదువుకుంటున్నాడు.

"బాపూ, బొగ్గుతోని ఫేస్‌వాష్ చేస్తున్న."

"బొగ్గు వదిలే సబ్బా? మంచిదే బిడ్డా, అందరికి పనికొస్తది."

"వదిలేది కాదు. అండ్లనే బొగ్గుంటది. దాంతోనే మొఖం కడుక్కోవాలె."

బాపు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "గిన్నేండ్లు మొఖం మీదికెళ్ళి బొగ్గు తీసుడే నాకు సరిపోయింది. ఇప్పుడు మళ్ళ కొనుక్కొచ్చి రుద్దుకోవాల్నా?"

"గని బొగ్గు కాదు బాపూ. కొబ్బరి చిప్పల బొగ్గు. మొఖంల మురికినంత గుంజుతది."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "గుంజేదే ఐతే మీ బాపు మొఖం ఈపాటికి అద్దంలెక్క మెరవాలె గదనే!"

మేధావులకు ఇంట్లో గౌరవం దొరకదని సరిపెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను.

సొంత ఫ్యాక్టరీ లేని నాబోటి వాళ్ళకు, మన ఫార్ములా ప్రకారం మన పేరుతోనే సరుకు తయారుచేసి ఇచ్చే యూనిట్లు నగరం శివార్లలో చాలా ఉంటాయి. అలాంటి ఒక చిన్న యూనిట్లో కెమిస్టు రజియా మేడం. మా అమ్మ వయసు. కళ్ళద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. ఏ సీసా చేతికిచ్చినా ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసేది. మొదటి శాంపిల్ చేసి నా ముందు పెట్టింది. బూడిద రంగులో ఉంది.

"నల్లగ లేదు మేడం."

"నలుపు పని చెయ్యదు బేటా, పొడి పని చేస్తది. గింత చాలు."

"చూడంగనే ఇది బొగ్గు అని తెలవాలె."

పొడి రెట్టింపు చేయించాను. తృప్తి కలగలేదు. ఇంకో రెట్టు వేయించాను. ఈసారి అమావాస్యను గిన్నెలో తోడుపెట్టినట్టు వచ్చింది. నేను ఆనందంలో ఉన్నాను, మేడం ఆందోళనలో ఉంది.

"గింత పొడి అడుక్కు దిగుతది బేటా. దాన్ని పట్టి నిలబెట్టెతందుకు ఒక గమ్ము వెయ్యాలె."

"గమ్మేస్తే జిగురు జిగురు అయితది గద మేడం. ఇప్పుడే ఇంత చిక్కగున్నది, ఇంకెట్ల దిగుతది?"

"చిక్కగుండుడు వేరే, పట్టి ఉంచుడు వేరే. ఎండ తగిల్తే చిక్కదనం పోతది. నెల దినాలు వేడి పెట్టెల పెట్టి చూద్దాం. అటెన్క సీసాలల్ల నింపుదాం."

"నెల దినాలా! మా బాపు రిటైర్మెంటు పన్నెండు రోజులల్ల ఉన్నది. ఆయన దోస్తులందరికి నా చేతులతోని సీసాలియ్యాలె మేడం."

రజియా మేడం నా వైపు కొంచెంసేపు చూసింది. ఆ చూపులో ఉన్నది మెచ్చుకోలు అనుకున్నాను. తర్వాత కాగితం తెచ్చి, గమ్ము వద్దన్నదీ పరీక్ష వద్దన్నదీ నేనేనని నా చేతే రాయించింది. ఏదో అంతర్జాతీయ ఒప్పందం మీద పెట్టినంత దర్జాగా కింద సంతకం పెట్టాను. చివరగా సీసాలు చూపించాను. నల్లటి సీసాలు, మూత మీద తలకిందులుగా నిలబడే రకం.

"బేటా, గీ సీసాలు..."

"చూడనీకె మస్తు రిచ్‌గ ఉంటయి మేడం."

మేడం నోరు మూసుకుంది. పెన్ను మూత కూడా పెట్టేసింది.

సీసాలు వచ్చాయి. మా క్వార్టర్ ముందున్న రేకుల వసారాలో వరసగా నిలబెట్టాను, మూతలు కిందికి, అడుగులు పైకి, కవాతుకు సిద్ధంగా ఉన్న సిపాయిల్లా. అది మే నెల. మా ఊళ్ళో మే నెల అంటే ఆరుబయట ఇనుప కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ కూర్చోవడానికి భయపడే కాలం. రజియా మేడం వేడి పెట్టెలో నెల రోజులు చెయ్యాల్సిన పరీక్షను మా రేకుల వసారా పది రోజుల్లో చేసేసింది. ఫలితం మాత్రం నాకు కనపడలేదు. నల్ల సీసాలు కదా!

రిటైర్మెంటు రోజు రానే వచ్చింది. గని దగ్గర శాలువాలు కప్పారు, మెడ కనపడకుండా దండలు వేశారు, బాపును జీపులో ఊరేగిస్తూ ఇంటికి తెచ్చారు. వాకిట్లో షామియానా. పాస్టరయ్య ప్రార్థన చేశారు. బగారన్నం, మటన్ వాసన కాలనీ అంతా తిరుగుతోంది. అందరూ విస్తళ్ళ వైపు చూస్తున్న ఆ పవిత్ర సమయంలో నేను మైకు అందుకున్నాను.

"భోజనానికి ముంగట అందరు ఒక్కసారి మొఖం కడుక్కోవాలె! మా బాపు పేరు మీద నేను తయారుచేసిన ఫేస్‌వాష్‌తోని!"

ఆడపిల్ల ముచ్చటపడి చేసిందని పెద్దలు వరసలో నిలబడ్డారు. నేనే ఒక్కొక్కరి అరచేతిలో సీసా నొక్కాను. మామూలుగా జారాల్సిన సరుకు రాలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ముద్దలా పడింది.

కొమురయ్య కాక అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఆయన బాపుతో కలిసి ఒకే షిఫ్టులో పాతికేళ్ళు పనిచేసిన మనిషి. "బిడ్డా, ఇది రోడ్డుకు పోసే తారు లెక్కున్నది."

"గదే కాకా దాని గొప్పతనం! మంచిగ రుద్దుండ్రి, చెవుల దాక!"

రుద్దారు. ఇరవై ముగ్గురూ క్రమశిక్షణ గల మనుషులు, చెవుల దాకా అంటే చెవుల దాకానే రుద్దారు. నురగ రాలేదు. నురగ ఇచ్చే ద్రవమంతా సీసాలో పైన ఉండిపోయి, పొడి మొత్తం దిగి మూత దగ్గర కూర్చుందని నాకు అప్పుడు తెలియదు. అందరి చేతుల్లో పడింది అసలు సిసలైన అడుగు మడ్డి.

"నీళ్ళు!" అన్నారు పాస్టరయ్య కళ్ళు మూసుకుని. ఆయన తెల్లచొక్కా కాలరు మీద అప్పటికే రెండు నల్ల చారలు దిగాయి.

డ్రమ్ములో చెంబు ముంచాను. గరగరమని అడుగు గీసిన చప్పుడు. నీళ్ళన్నీ వంటవాళ్ళు వాడేశారు. నల్లా మళ్ళీ సాయంత్రం గానీ రాదు. ఉన్న అరచెంబెడు నీళ్ళు తలా గుక్కెడు పంచితే, మసి మొఖమంతా సమంగా పరుచుకుంది. అంతకుముందు కొందరికి బుగ్గలైనా తెల్లగా ఉండేవి.

ఇరవై మూడు నల్లటి మొఖాల్లో కళ్ళూ పళ్ళూ తప్ప ఇంకేమీ కనపడటం లేదు. భూమి చీలితే దిగిపోదామని కిందికి చూశాను. కానీ మా ఊళ్ళో భూమి కింద కూడా మనవాళ్ళే ఉంటారు, ఎక్కడికని పోతాను?

అప్పుడు కొమురయ్య కాక బాపు వైపు తిరిగాడు.

"రత్నం, ఇయ్యాల మనది ఏ షిఫ్టురా?"

బాపు తన రెండు చేతులూ చూసుకున్నాడు, తడుముకోకుండా అన్నాడు. "సెకండ్ షిఫ్టు. లైటు తెచ్చుకున్నవా?"

అంతే. ఎవరు ముందు నవ్వారో తెలియదు, షామియానా గుంజలు ఊగాయి. అందరికంటే గట్టిగా నవ్వింది పాస్టరయ్యే. ఒకరి మొఖం ఒకరు చూసుకుంటూ, ఒకరి భుజం ఒకరు చరుస్తూ, ఎప్పుడో దిగిన గనుల పేర్లు, ఇప్పుడు లేని మనుషుల పేర్లు తలుచుకుంటూ ఆ పెద్దవాళ్ళు ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు.

ఈ గోలకు అమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. నన్ను తిట్టడానికే వచ్చింది, నోరు కూడా తెరిచింది. బాపు మొఖం చూసి ఆగిపోయింది. నాలుగేళ్ళుగా ఆయన ఇస్త్రీ చొక్కా నలగకుండా ఇంటికొస్తున్నాడు. ఈ మొఖాన్ని ఆమె మళ్ళీ చూస్తాననుకోలేదు. గరిటె నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. కొబ్బరినూనె సీసా, పాత తువ్వాల తెచ్చి బాపును కుర్చీలో కూర్చోబెట్టింది.

"రుద్దకు, కంట్ల పడుతది. పైకి సూడు."

తువ్వాల కొసను నూనెలో ముంచి, కంటి కొస నుంచి మెల్లగా తుడిచింది. అంతమంది ముందు బాపు చిన్నపిల్లాడిలా గడ్డం ఎత్తి కూర్చున్నాడు. చిన్నప్పుడు రోజూ మా వాకిట్లో చూసిన దృశ్యమే అది. నేను ఒకసారి గని గేటు దగ్గరికి వెళ్ళి, అందరూ ఒకేలా నల్లగా ఉంటే బాపే అనుకుని వేరే ఎవరి కాళ్ళనో కరుచుకున్నాను. ఆ మనిషి నన్ను ఎత్తుకుని, నవ్వుతూ బాపుకు అప్పగించాడు. ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ షామియానా కింద, గరిటె పట్టుకుని నిలబడి, ఆయన ఈ ఇరవై ముగ్గురిలో ఉన్నాడేమోనని వెతుక్కున్నాను. నూనె సీసా చేతులు మారింది. కొందరు తుడుచుకున్నారు, కొందరు అలాగే కూర్చుని మటన్ తిన్నారు.

మర్నాడు రజియా మేడంకు ఫోన్ చేసి విరుచుకుపడ్డాను. "మాల్ మొత్తం ఖరాబ్ చేసిండ్రు మేడం!"

ఆమె గొంతు పెంచలేదు. "సీసా తీసుకొని రా బేటా. కాయితం నా దగ్గర్నే ఉన్నది."

రిటైరైన మనిషికి పొద్దు పోవడం లేదని బాపు కూడా వెంట వచ్చాడు. మేడం సీసాను నిలువునా కోసింది. మూత దగ్గర నల్లటి గట్టి ముద్ద, దాని పైన టీ డికాక్షన్‌లా తేటగా నీళ్ళు. తర్వాత నా సంతకం ఉన్న కాగితం తీసి ముందు పెట్టింది. నేను గోడ మీది గడియారం చూడటం మొదలుపెట్టాను. బాపు మాత్రం వంగి సీసాను శ్రద్ధగా చూశాడు.

"పైన గింత బరువున్నది. కింద పట్టేది లేకుంటే కూలదా బిడ్డా? గమ్మంటే సపోర్టు గద. మేడం గదే చెప్పిందాయె."

రజియా మేడం కళ్ళద్దాలు తీసి ఆయన వైపు తిరిగింది. "అన్నా, మీరు నా తాన నౌకరీ చేస్తరా?"

ఆ తర్వాత బుద్ధిగా ఆమె చెప్పినట్టే చేశాను. పొడిని మూడో వంతుకు తగ్గించాం. గమ్ము వేశాం. నెల రోజులు వేడి పెట్టెలో ఉంచాం. మూత పైకి ఉండే సీసాలు తెచ్చాం. వారం వారం మేడం ట్యూబ్‌లైట్ కింద పరీక్షించేది, పక్కన బాపు. పొడి ఒక్క రవ్వ దిగలేదు. మెత్తగా జారుతోంది, తెల్లటి నురగ వస్తోంది, ముఖం తేటగా అవుతోంది. పరువు నిలబెట్టుకుందామని మొట్టమొదటి సీసా పట్టుకుని కొమురయ్య కాక ఇంటికి వెళ్ళాను. ఆయన శ్రద్ధగా చెవుల దాకా రుద్దుకుని, కడుక్కుని, అద్దంలో చూసుకున్నాడు. మొఖం వాడిపోయింది.

"గిదేంది బిడ్డా, నల్లగైతలేదు? ఖరాబైందా?"

"కాదు కాకా, ఇదే మంచిది!"

"ఏం మంచిది? అప్పటి దాంతోని మీసం మూడు దినాలు నల్లగుండె. అసొంటివి ఇంక ఉంటే ఒక పది తెచ్చియ్యి. మా షిఫ్టోళ్ళు గూడ అడుగుతున్నరు."

నా జీవితంలో వచ్చిన మొట్టమొదటి ఆర్డరు అదే, చెడిపోయిన సరుక్కు.

కనుక ప్రియమైన పాఠకులారా, రజియా మేడం వేడి పెట్టె మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేస్తున్నాను. ముప్పై రోజుల పరీక్ష కానిదే ఏ సీసా మూతా బిగించను. కెమిస్టు వద్దన్న చోట సంతకం పెట్టను. డ్రమ్ములో నీళ్ళున్నాయో లేదో చూసుకోకుండా మైకు ముట్టను. మనిషి మొఖానికి మసి పూసే పని ఈ జన్మలో మళ్ళీ చెయ్యను.

మీసాల సంగతి మాత్రం ప్రమాణంలో కలపలేదు. కాక వాళ్ళకు ఇంకా నాలుగు సీసాలు బాకీ ఉన్నాను.