గవర్నర్‌పేట లాడ్జిలో నడుం డాక్టరు

మా ఆడపడుచు రాజ్యలక్ష్మి చెప్పే కథలో నన్ను ఇద్దరు మనుషులు మోసుకెళ్ళి డాక్టరు ముందు పడుకోబెట్టారు. ఆయన నడుం మీద చెయ్యి వేసి ఒక్క విరుపు విరిచాడు. నేను లేచి మెట్లు చకచకా దిగి వచ్చేశాను. ఈ కథ ఆవిడ పెళ్ళిళ్ళలో చెప్పింది, పేరంటాల్లో చెప్పింది. పోయిన నెల ముక్కూ మొహం తెలియని ఒకావిడ ఏలూరు నుంచి ఫోన్ చేసి, "ఆ విరిచే డాక్టరు గారి అడ్రసు కాస్త ఇస్తారా అండీ" అని అడిగింది. అందుకే రాస్తున్నాను. నన్నెవరూ మోయలేదు. నేను చకచకా దిగలేదు. అలాంటి డాక్టరు దగ్గరికి వెళ్ళదలచుకున్నవాళ్ళు వెళ్ళండి, వద్దనను. కానీ దారి ఎలా ఉంటుందో, అక్కడ ఏం జరిగిందో నా నోట విని వెళ్ళండి.

అప్పటికి తొంభైలు అయిపోవస్తున్నాయి. బందరులో ఆడపిల్లల కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేదాన్ని. కుడి పిరుదు దగ్గర మొదలైన నొప్పి తొడ వెనకాలగా పిక్కలోకి దిగి, నెలల తరబడి అక్కడే కాపురం పెట్టింది. కూర్చుంటే ఎక్కువ, నిలబడితే తక్కువ. బెల్టు కట్టుకున్నాను. కాళ్ళకి బరువులు వేలాడదీసుకుని మంచం మీద పడున్నాను. చివరికి విజయవాడలో సర్జను గారు స్కానింగ్ ఫిల్ములు లైటుకి పెట్టి చూసి, డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది, ఆపరేషన్ చెయ్యాలి, సోమవారానికల్లా ఏ సంగతీ చెప్పండి అన్నారు.

మా కాలేజీ లైబ్రేరియన్ గారి భార్యకి అదే ఆపరేషన్ అయింది. ఆవిడ రెండేళ్ళుగా గోడ పట్టుకుని నడుస్తోంది. ఆవిడ కనిపించినప్పుడల్లా నా చెయ్యి నాకు తెలియకుండానే నా మోకాలి మీదికి పోయేది. మా వారిని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. బ్యాంకులో ఒక అప్పు కాగితం మీద సంతకం పెట్టడానికి నాలుగు రోజులు ఆలోచించే మనిషి, నా వెన్నుపూస విషయంలో నాలుగు క్షణాలు కూడా ఆలోచించలేదు.

ఆలోచించింది ఆడపడుచే. నేను వదినగారూ అంటాను, వయసులో నాకన్నా పదేళ్ళు పెద్ద. శుక్రవారం సాయంత్రం పేపరు చేత్తో పట్టుకుని వచ్చింది. అందులో ప్రకటన: కత్తి లేదు, మందు లేదు, చేతులతోనే వెన్నుపూసలు సరిచేస్తారు, కైరోప్రాక్టిక్ వైద్యం, విదేశంలో చదివిన డాక్టరు, నెలకి రెండు శనివారాలు గవర్నర్‌పేటలో ఫలానా లాడ్జిలో చూస్తారు.

"లాడ్జిలో డాక్టరేంటి వదినగారూ?" అన్నాను.

"రోగం కుదిరితే చాలు, ఆయన రైల్వే ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే నీకేం?" అంది. "రేపు శనివారమే. పద, నేనొస్తా."

సోమవారం లోపల దొరికిన ఒకే ఒక్క శనివారం అది. పదమన్నాను.

ఆరున్నర ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. వదినగారు కిటికీలోంచి తువ్వాలు వేసి డ్రైవరు వెనక రెండు సీట్లు పట్టేసింది. వెళ్ళేవాళ్ళకి మొదటి సలహా ఇది: నడుం నొప్పితో చివరి వరసలో కూర్చున్నారో, డాక్టరు దాకా కూడా చేరరు. నేను ముందు సీట్లో కూడా కూర్చోలేకపోయాను. గూడూరు దాటేలోపే లేచి రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. ఖాళీ సీట్లో వదినగారు ఫిల్ముల కవరు పెట్టింది. పామర్రులో ఎక్కిన ఒకాయన అక్కడ కూర్చోబోతే, "మనిషుంది బాబూ" అంది. ఫిల్ములు కూర్చుని, నేను నిలబడి ప్రయాణం చేశాం.

కండక్టరు రెండుసార్లు చూసి ఊరుకున్నాడు, మూడోసారి ఊరుకోలేదు. "సీటు పెట్టుకుని నిలబడ్డారేంటమ్మా, మొక్కుకున్నారా?"

"టిక్కెట్టు మీద కూర్చోవాలని రాసుందా?"

"రాయలేదండీ. పడితే మాత్రం నా మీద రాస్తారు" అని వెనక్కి పోయాడు.

ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక చిక్కుకున్నాం. చక్కెర ఫ్యాక్టరీ ఆడుతున్న రోజులు. రోడ్డు పొడుగునా చెరకు పిప్పి, గాలినిండా కాగిన బెల్లంలాంటి పులుపు వాసన. డ్రైవరు పది గజాలకొకసారి బ్రేకు వేసేవాడు. వేసినప్పుడల్లా పిక్కలో వైరు లాగినట్టుండేది. కంకిపాడు వచ్చేసరికి నాకు కోపం కూడా మిగల్లేదు. కోపం రాకపోతే నాకు ఒంట్లో బాగాలేనట్టని మా విద్యార్థినులకు కూడా తెలుసు.

తొమ్మిదిన్నర దాటాక బస్టాండులో దిగి, ఇడ్లీ నిలబడే తిని, ఆటో మాట్లాడుకున్నాం. లాడ్జి పేరు, డాక్టరు అన్న మాట కలిపి వినగానే ఆటో అతను అద్దంలోంచి మా ఇద్దర్నీ ఓసారి పరిశీలనగా చూశాడు. ఎందుకో లాడ్జికి వెళ్ళాక తెలిసింది.

కౌంటరు దగ్గర కుర్చీలో ఉన్న మనిషి తల ఎత్తకుండా, "ఏ డాక్టరండీ? రెండో అంతస్తులో ఇద్దరున్నారు. కుడివైపు మగాళ్ళ డాక్టరు, ఎడమవైపు నడుం డాక్టరు" అన్నాడు. పక్కన నిలబడ్డ కుర్రాళ్ళిద్దరు గోడకేసి తిరిగారు.

"నడుం డాక్టరు. లిఫ్టు ఎక్కడ?"

"లేదండీ."

"నడుం పట్టేసినవాళ్ళు రెండంతస్తులు ఎక్కి చూపించుకోవాలా? కింద ఒక్క గది ఇవ్వలేకపోయారా?"

"ఆయనే పైన అడిగారండీ. కింద అయితే అరుపులు రోడ్డు మీదికి వినిపిస్తాయంట."

వదినగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ధైర్యం చెప్పడానికో, తను తెచ్చుకోవడానికో తెలియదు. పిట్టగోడ పట్టుకుని, ప్రతి మలుపులో ఆగి, ఎక్కాను.

పైన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. మా ముందు వన్ టౌన్‌లో పప్పుల గోడౌను ఉన్న పెద్దమనిషి ఒకాయన. ఆయనకిది నాలుగోసారి. నన్ను చూడగానే, "మొదటిసారా అమ్మా? భయపడకండి. పోయినసారి నాకు మూడొచ్చాయి" అన్నాడు.

"ఏం మూడు?"

"శబ్దాలండీ. టక్కుమని. రెండొస్తే ఫర్వాలేదు, మూడొస్తే పూస చోట్లోకి దిగినట్టే. అసలు రాకపోతే మాత్రం మీ డబ్బు దండగ."

"నొప్పి తగ్గిందా మరి?"

ఆయన నా వంక జాలిగా చూశాడు. "శబ్దం వచ్చిందంటున్నానుగా."

చదువుకున్నదాన్ని కదా, నవ్వుకోవాలి. నవ్వుకోలేదు. నాకెన్ని వస్తాయో అని లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. ఒక్కటి వచ్చినా చాలు, సోమవారం సర్జను గారికి వద్దని చెప్పేయొచ్చు.

పదకొండుకి పిలుపు వచ్చింది. లాడ్జి మంచాన్ని గోడకి నిలబెట్టి, మధ్యలో మడత బల్ల వేశారు. బల్లకి ఒక చివర మొహం పెట్టుకోవడానికి కన్నం. డాక్టరు నలభై దాటిన మనిషి, దిట్టమైన చేతులు, నెమ్మది మాట. ఫిల్ములు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు. నన్ను మునివేళ్ళ మీద నడవమన్నాడు, నడిచాను. మడమల మీద నడవమన్నాడు. కుడిపాదం ముందుభాగం నేలకి టపటపా తగిలింది. పడుకోబెట్టి, కాలి బొటనవేళ్ళు రెండూ పైకెత్తి బిగించమన్నాడు. ఎడమ వేలిని తన వేలితో నొక్కాడు. అది కదల్లేదు. కుడి వేలిని నొక్కాడు. అది తడిసిన కాగితంలా వాలిపోయింది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారీ వాలిపోయింది.

"ఇది ఎన్నాళ్ళనుంచమ్మా?"

"ఏది?"

నాకు తెలియనే తెలియదు. చెప్పు జారిపోతుంటే చెప్పుని తిట్టుకుంటున్నాను.

ఒంటికి వెళ్ళడంలో ఇబ్బంది ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఫిల్ములు కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు. "నేను మీ మీద చెయ్యి వెయ్యనమ్మా. నొప్పి ఒక్కటే అయితే చూసేవాణ్ణి. కాల్లో బలం పోతోంది. ఆపరేషన్ చేయించుకోండి, ఆలస్యం చెయ్యకండి."

ఆ మాట సర్జను చెప్పాడు సరే. సర్జను కోస్తాననక ఏమంటాడు? కత్తి లేదని పేపర్లో వేయించుకున్న మనిషి కూడా అదే అంటే నేనెక్కడికి పోను?

"రెండంతస్తులు ఎక్కొచ్చానండీ" అన్నాను.

"ఎక్కినందుకు ఫీజు తీసుకోనమ్మా."

"ఒక్కసారి నొక్కి చూడండి. ఏమైనా అయితే బాధ్యత నాదేనని రాసిస్తాను. మా ఊళ్ళో ఒకావిడ ఆపరేషన్ అయి గోడ పట్టుకుని నడుస్తోంది. మీరు చూడలేదు, నేను రోజూ చూస్తున్నాను."

"ఆవిడ ఎంత ఆలస్యంగా వెళ్ళిందో కనుక్కున్నారా?"

కనుక్కోలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్న నెపం మీద వంగబోయాను, అదీ కుదరలేదు.

అప్పుడు వదినగారు ముందుకొచ్చింది. "ఇంత దూరం వచ్చాం కదా బాబూ, నా మెడ చూడు. పక్షం రోజులుగా ఎడమకి తిరగట్లేదు."

"కళ్ళు తిరుగుతాయా? బీపీ ఉందా?"

"బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నా. కళ్ళు తిరిగేది మా ఆయన మాట్లాడితేనే."

డాక్టరు నవ్వాడు. ఆవిణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి తల రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అటూ ఇటూ మెల్లగా ఊపి, ఊపిరి వదలమన్నాడు. వదిలేలోపే ఒక్క తిప్పు. టక్కుమంది. రెండో వైపు. ఇంకా గట్టిగా టక్కుమంది.

"అమ్మాయ్! విన్నావా?" అంది వదినగారు బల్ల మీదినుంచే.

విన్నాను. వరండా అంతా విన్నది. తలుపు తీసేసరికి పప్పుల పెద్దమనిషి లేచి నిలబడి, ఫిల్ములు పట్టుకున్న నా వంక చూసి, "బయటికి వినపడ్డాయండీ! మొదటిసారే రెండొచ్చాయే! అదృష్టవంతులు" అన్నాడు.

నేను వదినగారి వంక చూశాను. ఆవిడ మెడ ఎడమకి తిప్పి, కుడికి తిప్పి, "ఆయన చెయ్యి మంచిదండీ" అంది. అంతే అంది.

దిగడానికి ఎక్కడానికన్నా ఎక్కువసేపు పట్టింది.

మధ్యాహ్నం వదినగారు మెస్సులో భోంచేసింది. నేను మజ్జిగ తాగి గుమ్మం దగ్గర నిలబడ్డాను. తిరుగు ప్రయాణానికి బస్సు వద్దని స్టేషనుకి వెళ్ళి మూడు దాటాక బందరు ప్యాసింజరు ఎక్కాం. నా రెండో సలహా: గుడివాడ మీదుగా చుట్టు తిరిగినా, ప్రతి హాల్టులో ఆగినా, రైలే నయం. చివరి పెట్టెలో ఒక బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాను. గుడివాడ దాకా ఎవరూ ఏమీ అనలేదు.

గుడివాడలో ఖాళీ చేపల గంపలతో నలుగురు ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళలో పెద్దావిడ నా కాళ్ళ దగ్గర నిలబడి, "ఏందమ్మా, మీ ఇంట్లో మంచమనుకున్నావా? లెగు" అంది. న్యాయమైన మాటే. లేవబోయాను.

"లేపకండమ్మా" అంది వదినగారు. "ఇవాళే నడుం సరిచేయించుకొస్తున్నాం. బెజవాడలో పెద్ద డాక్టరు. చేత్తోటే. రెండు శబ్దాలొచ్చాయి."

"చేత్తోటేనా! కోయకుండా?"

"కోయకుండానే. పొద్దున మోసుకెళ్ళాం, ఇప్పుడు చూడు."

"వదినగారూ" అన్నాను.

"నువ్వు మాట్లాడకు, కదలకూడదు."

పెద్దావిడ తన గంప కింద పెట్టి దాని మీదే కూర్చుని, నా వంక భక్తిగా చూసింది. "మా కోడలికీ ఇదే నొప్పమ్మా. ఏ వీధి?"

ఆయన నన్ను ముట్టుకోలేదు, అని నోటిదాకా వచ్చింది. చెబితే వదినగారు అబద్ధమాడినట్టవుతుంది. ఎందుకు ముట్టుకోలేదని ఆ పెద్దావిడ అడిగితే, నేను చెప్పాలి. నేను చెబితే సోమవారం గురించి చెప్పాలి. పొద్దుట్నించీ నిలబడి ఉన్నాను. నాకు ఓపిక లేదు. వీధి పేరు చెప్పాను.

కౌతారం దాటాక చీకటి పడుతోంది. పొలాల మీద పొగమంచు. కాళ్ళ మీద కప్పుకున్న తువ్వాలు కింద కుడి బొటనవేలిని పైకెత్తి, ఎడమ మడమతో నొక్కి చూసుకున్నాను. వాలిపోయింది. పెడనలో మళ్ళీ చూసుకున్నాను. వాలిపోయింది. బందరులో దిగేటప్పుడు వదినగారితో, "సోమవారం సరేనని చెప్పేస్తాను" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి ఫిల్ముల కవరు తీసుకుని ముందు తను దిగింది. తర్వాత, "చెయ్యి పట్టుకో, ప్లాట్‌ఫారం ఎత్తు తక్కువ" అంది.

ఆపరేషన్ అయింది. పది రోజులు వదినగారే నాకు బెడ్‌పాన్ పెట్టింది, అది కూడా రాయాలి. వేలు చాలావరకు తిరిగి లేచింది, పూర్తిగా కాదు. నొప్పి ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి పోతుంది. ఈ సంగతులు ఎవరికీ వద్దు, వీటిలో శబ్దం లేదు. ఏలూరు ఆవిడకి అడ్రసు ఇవ్వలేదు, ఆ డాక్టరు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు.

తెలిస్తే నేనే వెళ్ళి ఒక మాట అడుగుతాను. నా ఫిల్ములు కిటికీ వెలుతురులో అంతసేపు చూసి, రాసిస్తానన్నా ముట్టుకోను అన్న మనిషి, బీపీ ఉందన్న ఆడమనిషి మెడని ఒక్క ఫిల్ము చూడకుండా నవ్వుతూ ఎలా తిప్పాడు? ఆ గదిలో జాగ్రత్తపడ్డ మనిషీ ఆయనే, పడని మనిషీ ఆయనే. ఇద్దరిలో ఎవరి మాట విని నేను ఆపరేషన్ బల్ల ఎక్కినట్టు?