కొస ఎక్కడ పెట్టుకోవాలి

సైకిళ్ళ మీద దూరప్రయాణం చేద్దామని ముందు అన్నది మా ఆవిడే. మోకాళ్ళు సహకరించక కుట్టుమిషన్ మూలన పెట్టేశాక, బీచ్ రోడ్డులో పొద్దున్నే సైకిలు తొక్కే ఆడవాళ్ళ గుంపులో చేరింది. మిషన్ తొక్కనివ్వని మోకాళ్ళు సైకిలుకెలా ఒప్పుకున్నాయో డాక్టరుకీ అర్థం కాలేదు. అరవై మూడేళ్ళప్పుడు గేర్ల సైకిలు కొనుక్కుని, నాకూ ఒకటి కొనిపించింది.

"ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తొక్కీద్దామేటండీ?" అంది ఒకనాడు.

రాష్ట్రానికి ఆ కొస ఇచ్ఛాపురం, ఈ కొస తడ. మా వయసుకి అది కుదరదని ఇద్దరికీ తెలుసు. రోజుకి నలభై కిలోమీటర్లకి మించకూడదు, పదింటికల్లా నీడ పట్టున ఉండాలి. అందుకని ఇచ్ఛాపురం మాత్రం ఉంచుకుని, రెండో కొసని దగ్గరికి లాక్కోవాలనుకున్నాం. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది గనక పైనుంచి కిందికి వస్తే వీపు మీద గాలి ఉంటుంది. ఆ కొస అలా స్థిరపడింది. చిక్కంతా ఈ కొసతోనే వచ్చింది.

నేను పోర్టులో సర్వే పని చేసి రిటైరయ్యాను. లాంచీలో తిరుగుతూ నీటి లోతు కొలిచి పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగం. ఇంట్లో డైరీలు రాయడం అంతకుముందు నుంచే ఉంది. కాబట్టి దారి గీసే పని నాకే వచ్చింది. కొస అంటే చెయ్యి పెట్టి చూపించగలిగేదై ఉండాలన్నది నా నియమం. హద్దురాయో, స్టేషను బోర్డో, సముద్రమో. నేను జాలరిపేట ఒడ్డు అన్నాను. పడవల పక్కన నీళ్ళలో ముందుచక్రం తడిపి ఆపేద్దామన్నాను.

"సేపలు కొనుక్కోడానికి ఇచ్ఛాపురం కాడ్నించి తొక్కుకొచ్చారంటే ఆ పేటోళ్ళు నవ్వుతారు," అంది.

భీమిలి అన్నాను. గాజువాక అన్నాను. సబ్బవరంలో వాళ్ళ తమ్ముడి ఇంటి గుమ్మం అన్నాను. దేనికీ ఒప్పుకోలేదు. ఆవిడ వేలు మ్యాపు మీద విశాఖ దాటి, పరవాడ దాటి, అచ్యుతాపురం మీదుగా కిందికి జరిగి సముద్రానికి కాస్త ఇవతల ఆగేది.

"ఆ రోడ్డు మంచిది కాదు. ఫ్యాక్టరీల లారీలు. షిఫ్టు బస్సులు. దుమ్ము. పక్కన సైకిలుకి చోటుండదు."

"ఉండకపోతే దిగి నడుత్తాం."

మూడు వారాల్లో నాలుగు దారులు గీశాను. నాలుగూ ఆ రోడ్డుని తప్పించుకునేవే. నేను చెప్పిన కారణాలన్నీ నిజాలే. అబద్ధం ఆడకుండా దాచడానికి అంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

అచ్యుతాపురం అవతల ఉన్న ఆ చిన్న ఊరు మా ఆవిడ పుట్టిల్లు. మా మొదటి బిడ్డ అక్కడే పుట్టి, అక్కడే పోయాడు. పంతొమ్మిది రోజులు బతికాడు. ఇరవై ఒకటో రోజున బారసాల అనుకున్నాం, పేరు పెట్టడం కాలేదు. పసిబిడ్డని కాల్చరు, పాతిపెడతారు. తల్లి అక్కడికి వెళ్ళకూడదు. మా మామగారు గునపం పట్టుకున్నారు, బావమరిది నీళ్ళ బిందె పట్టుకున్నాడు, నేను బిడ్డని పట్టుకున్నాను. ఊరి పక్కన గెడ్డ పారేది. దాని గట్టు మీద మూడు తాటిచెట్ల దగ్గర పని ముగించుకుని, నూతి దగ్గర స్నానం చేసి లోపలికి వచ్చాం. గదిలోంచి ఆవిడ "ఎక్కడ?" అని ఒక్క మాట అడిగింది. "అడగకూడదమ్మా," అంది మా అత్తగారు. ఆ తర్వాత ఆవిడ నన్ను అడగలేదు. నేను చెప్పలేదు. ఆనాటి డైరీలో 'బాబు పోయాడు. సాయంత్రం వాన' అని ఉంది. గట్టు మీద ఎక్కడన్నది లేదు, ఏ చెట్టుకి ఎన్ని అడుగులన్నది లేదు. సముద్రంలో మునిగిన రాయిని కూడా దిక్కులతో సహా రాసుకునే ఉద్యోగం నాది.

తర్వాత మాకు ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యారు. మామగారు, అత్తగారు పోయాక బావమరిది పొలం అమ్ముకుని సబ్బవరంలో ఇల్లు కట్టుకున్నాడు. ఇక ఆ ఊరికి వెళ్ళే పని లేకపోయింది. మూడు తాటిచెట్ల సంగతి ఎప్పుడో వాళ్ళ తమ్ముడే నోరు జారి అక్కకి చెప్పాడట. అది అప్పటికి నాకు తెలియదు.

నాలుగో దారి గీసిన రోజున బావమరిది మా ఇంటికి వచ్చాడు. బల్ల నిండా పరిచిన కాగితాలు చూసి నవ్వాడు.

"ఏటి బావా, సైకిలు తొక్కడానికా, రైలు పట్టాలెయ్యడానికా ఈ కొలతలు? మా అక్కని సేసుకున్నప్పుడైనా ఇంత ఇదిగా సూసుకున్నావేటి?"

"సూసుకునుంటే సేసుకునేవోరు కాదు," అంది ఆవిడ వంటింట్లోంచి. బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ మ్యాపు దగ్గర నిలబడింది. "నాకు ఆ తాటిసెట్ల కాడ ఆగాలనుంది. అంతే. మీరు ముగ్గురూ సూసేరు. కన్నదాన్ని నానే సూడనేదు."

బావమరిది నా వైపు చూశాడు.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర అన్నాడు. "అక్కడేటీ నేదని అక్కకి సెప్పీ బావా. నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?"

"నేనే చెబుతాను."

అక్కడేమీ లేదన్న సంగతి మా ఇద్దరికీ పన్నెండేళ్ళుగా తెలుసు. ఒక పెళ్ళికి ఆ వైపు బస్సులో వెళ్తూ చూశాం, రోడ్డు వెడల్పు చేస్తూ గట్టంతా చదును చేసేశారు. చెట్లు మూడూ పడి ఉన్నాయి, మట్టి గుట్టలు పోసి ఉన్నాయి. బావమరిది నా పక్క సీట్లోనే ఉన్నాడు. ఇంటికొచ్చి ఆవిడకి పెళ్ళిభోజనం గురించే చెప్పాను.

ఆ రాత్రి ఐదో దారి గీశాను. ఇచ్ఛాపురం హద్దు నుంచి ఆవిడ అడిగిన చోటికి. ఎనిమిది రోజులు. దారిలో చెబుదామనుకున్నాను.

సైకిళ్ళు రైల్లో వేసుకుని వెళ్ళాం. పలాసలో చెబుదామనుకుంటే, ఆవిడ జీడిపప్పు బేరం చేస్తూ చిన్నపిల్లలా ఉంది. శ్రీకాకుళంలో లాడ్జి గదిలో ఆవిడ పిక్కలకి నూనె రాస్తూ నోరు తెరిచాను, అప్పటికే నిద్రపోయింది. భీమిలిలో సముద్రం చూస్తూ, "ఇంకెన్ని కిలోమీటర్లండీ?" అని తనే అడిగింది. లెక్కకట్టి చెప్పాను. లెక్క ఒక్కటే చెప్పాను. విశాఖలో మా ఇంట్లోనే ఒక రాత్రి ఆగాం. పొద్దున్న బయల్దేరేటప్పుడు సైకిలు తుడిచి, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది. అన్ని రోజులూ పంజాబీ డ్రెస్సే వేసుకున్న మనిషి.

అచ్యుతాపురం దాటాక ఆవిడ ముందు, నేను వెనక. నున్నటి రోడ్డు. ఆవిడ రెండు పక్కలా చెట్లు వెతుక్కుంటూ తొక్కుతోంది. కల్వర్టు కనిపించింది. గెడ్డ ఇప్పుడు దాని కింద సన్నగా పారుతోంది. అప్పుడైనా పిలవాలి. పిలవలేదు. కల్వర్టు దాటింది, ఆ చోటూ దాటింది, గాలి వీపు మీద ఉండి సైకిలు తేలిగ్గా సాగిపోయింది. నేను మాత్రం కల్వర్టు దాటగానే దిగిపోయాను. దిగి నిలబడ్డాను.

చాలా దూరం వెళ్ళాక వెనక్కి తిరిగి చూసి, ఒక పక్కకి ఆపి, మళ్ళీ నా దగ్గరికి తొక్కుకుంటూ వచ్చింది.

"ఏటి, టైరు పోయిందేటండీ? గెడ్డ దాటిపోనాం, తాటిసెట్లేవీ కనపడ్డం నేదు. ఎవర్నైనా అడుగుదామా?"

"అడగక్కర్లేదు," అన్నాను. "చెట్లు లేవు. గట్టు లేదు. రోడ్డు వేశారు."

"ఎక్కడ?"

రోడ్డు చూపించాను.

ఆవిడ కిందికి చూసింది. తను వచ్చిన వైపు చూసింది. హ్యాండిల్ మీద చేతులు అలాగే ఉన్నాయి.

"ఆడి మీంచి తొక్కుకెల్లిపోనానా నాను?"

అవునన్నట్టు తల ఊపాను.

"రెండుసార్లు," అంది. "ఎల్లొకసారి, వచ్చొకసారి." సైకిలు వదిలేసింది. నేను పట్టుకున్నాను. "మీకు తెల్సు. ముందే తెల్సు."

"తెలుసు."

"ఎప్పుడు కాడ్నించి?"

"పన్నెండేళ్ళు."

కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. "సరిగ్గా ఎక్కడ? సూపించండి," అంది.

ఏదో ఒక చోటు చూపించి ఇక్కడే అనేస్తే ఆవిడ నమ్మేది. ఆ పని చేయబోయి ఆగాను. "తెలియదు. కొలుచుకోలేదు. ఆ కల్వర్టు దగ్గర్నుంచి ఆ లైటు స్తంభం దాకా, ఈ మధ్యలో ఎక్కడో."

ఆవిడ కల్వర్టు దగ్గరికి వెళ్ళి బూట్లు విప్పి గోడ పక్కన పెట్టింది. తారు మీదికి దిగి, అంచు వెంబడే లైటు స్తంభం వైపు నడవడం మొదలుపెట్టింది. మెల్లగా, అడుగుకి అడుగు ఆనించి, ఎక్కడా చోటు వదలకుండా. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ ఆవిడని తప్పించుకుని వెళ్ళింది. స్తంభం దాకా వెళ్ళి, ఒక్క అడుగు రోడ్డు లోపలికి జరిగి, మళ్ళీ కల్వర్టు వైపు తిరిగింది. నేను రెండు సైకిళ్ళూ పట్టుకుని, వచ్చే బళ్ళకి చెయ్యి అడ్డం పెడుతూ నిలబడ్డాను.