కొబ్బరినూనె కరిగిన పొద్దు

బోధన్ బస్సుల ఒళ్లో అట్టపెట్టె పెట్టుకొని కూసున్న. పెట్టెల చాయ్ కప్పులు, కప్పులల్ల పుట్టింట్ల మొలకెత్తించి మా ఇంటికి తీస్కపోతున్న బీర మొలకలు. అమ్మ పోయేముందు మూటగట్టిన విత్తనాలల్ల ఇవే ఆఖరువి. జనవరిల తొందరపడి పెరట్ల నాటినయన్నీ చలికి ముడుచుకొని చచ్చినయి. ఇవి గూడ పోతే అమ్మ బీర ఇంక లేనట్టే. ఫోన్‌ల చూస్తే ఒకలు ఇప్పుడే నాటుమంటరు, ఇంకొకలు ఆగుమంటరు.

పక్కన కూసున్న అవ్వ పెట్టెలకు తొంగిచూసింది.

"ఎప్పుడు నాటుతవు బిడ్డా?"

"గదే తెలుస్తలేదవ్వా. చలి పోయిందంటవా?"

"నన్నెందుకు అడుగుడు? ఇంట్ల కొబ్బరినూనె సీస లేదా?"

ఉందని చెప్పిన.

"రాత్రి కిటికీల పెట్టు. పొద్దుగాల లేవంగనే వంచి సూడు. గడ్డకడితే ఆగు, కారితే నాటు."

ఎడపల్లి రాంగనే కొంగు సర్దుకొని దిగిపోయింది. పేరన్న అడగలే.

అప్పటిసంది రోజూ లేవంగనే సీస వంచుడే. నూనె కదిలేది కాదు. మొలకలు కప్పులల్ల ఇరుకై తీగలు సాపుతుంటే నా పాణం ఆగలే. మా ఆయనైతే, నెత్తికి పెట్టే నూనెనడిగి సేద్యం చేస్తున్నవా అని నవ్విండు.

ఒకనాడు పొద్దుగాల వంచితే నూనె సర్రున అరచేతుల పడ్డది. ఆ చెయ్యి తలకు రాసుకొని, పార పట్టుకొని పెరట్లకు పోయిన.

ఒక్క మొలక గూడ చావలే. ఎండకాలమంత బీరకాయ కూరనే. రెండు కాయలు మాత్రం కోయకుండ తీగకే ఎండనిచ్చిన. ఇప్పుడు విత్తనాల మూట కొబ్బరినూనె సీస పక్కనే ఉంటది.