శౌరయ్యగారి పూర్తికాని రైలుదారి

గుణదలలో ఎవరినైనా ఆపి శౌరయ్యగారి ఇల్లెక్కడని అడగండి. "కంప్యూటర్లో రైలుపట్టాలు వేస్తుంటారే, ఆయనేనా?" అని ఎదురడుగుతారు. ఆయనే. వేస్తూనే ఉంటారు, అది పూర్తి కాదు. విజయవాడలో బయల్దేరిన ఆ దారి గుడివాడ దాటి రెల్లుమూడి అనే చిన్న హాల్టు దాకా వచ్చి అక్కడ చతికిలబడింది. నిజం రైల్వేవాళ్ళయితే ఈపాటికి లైను వేసి, రిబ్బను కత్తిరించి, మిఠాయిలు కూడా పంచేసేవాళ్ళని ఆయన భార్య హెలెన్‌గారి అభిప్రాయం.

శౌరయ్యగారు ఆటోనగర్‌లో జీవితమంతా లారీలకు బాడీలు కట్టిన మనిషి. షెడ్డు వేరేవాళ్ళకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాక ఆయనకేమీ తోచక హెలెన్‌గారి వంటలో వేలు పెట్టడం మొదలుపెట్టారు. తల్లి గోల భరించలేక కొడుకు ఫిన్నీ, కంప్యూటర్లో ట్రైన్ సిమ్యులేటర్ అనే ఆట పెట్టిచ్చాడు. అందులో రైలు నడపొచ్చు. ఓపికుంటే పట్టాలు, స్టేషన్లు, చెట్లూ చేమలూ మనమే పెట్టుకుని సొంతంగా ఓ రూటు కట్టుకోవచ్చు. "ఎవడో కట్టినదాని మీద మనం తోలేదేందిరా, మనమే కడదాం" అన్నారు శౌరయ్యగారు. ఫిన్నీ నవ్వాడు. పాపం, అప్పటికి వాడికి తెలియదు.

మొదట వేసిన పట్టాలు నేలను లెక్కచేయకుండా గాలిలోనే పోయాయి. రైలు కాలవ మీదుగా దర్జాగా ఎగురుతూ వెళ్ళి, పట్టాలు అయిపోయినచోట ముక్కు కిందికి పెట్టి దిగిపోయింది. "నేల ఎత్తు చూసుకోవాలి నాన్నా" అన్నాడు ఫిన్నీ. నేల ఎత్తు సరిచేయబోయి ఈయన బందరు రోడ్డు నడిమధ్యన కొండ లేపారు. తర్వాత చెట్ల వంతు. ఒక్కొక్కటీ నాటడం విసుగనిపించి, ఒక్కసారిగా చల్లే మీటేదో నొక్కితే కొబ్బరిచెట్లు పట్టాల మధ్యన మొలిచాయి. రెండైతే బోగీ కప్పు చీల్చుకుని పైకొచ్చాయి. "పోనీలెండి, ప్రయాణికులకు బోండాలు దొరుకుతయ్యి" అన్నారు హెలెన్‌గారు పోపు వేస్తూ.

ప్రయాణికులంటే గుర్తొచ్చింది. ఒకరోజు ఆయన ప్లాట్‌ఫారం మీద జనాన్ని నిలబెట్టి, బండి తెచ్చి ఆపి, చేతులు కట్టుకు కూర్చున్నారు. కాఫీ వచ్చింది, తాగారు, గ్లాసు పక్కన పెట్టారు. బండి కదలదు.

"ఏందండీ, అట్టా చూస్తా కూర్చున్నారు?" అన్నారు హెలెన్‌గారు.

"జనం ఎక్కలేదుగా."

"అయ్యి బొమ్మలండీ బాబూ! అందానికి పెట్టేయి. ఎక్కవు."

"నీకేం తెలుసు? ఆ ఎర్రచీర ఆవిడకి సంచులున్నయ్యి. టైం పడుద్ది." మళ్ళీ తెరవైపు తిరిగి, బతిమాలే గొంతుతో, "కాస్త గబగబా ఎక్కండమ్మా, వెనకాల ఎక్స్‌ప్రెస్సు వస్తంది" అన్నారు.

ఆ రోజు కోడలు వినీల పొట్ట పట్టుకుని నవ్వింది. పట్టుకోవడానికి పొట్ట కూడా కాస్త ముందుకే వచ్చింది. అప్పుడామెకు ఆరో నెల.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. పరీక్షకు వెళితే డాక్టరమ్మ మొహం సీరియస్‌గా పెట్టి, పురుడొచ్చేదాకా మంచం దిగొద్దంది. బస్సూ వద్దు, రైలూ వద్దు, కారు కూడా వద్దు. ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళాలని చీరలు కూడా సర్దిపెట్టుకున్న పిల్ల. ఆ పెట్టె మంచం కింద అలాగే ఉండిపోయింది.

వినీల పుట్టిల్లు రెల్లుమూడి. అక్కడ తల్లి అమలమ్మ ఉంది, చేపల చెరువు మీద కాపలా ఉండే తండ్రి ఉన్నాడు. ఇక్కడ ఏం తక్కువని? అత్త మంచిదే, మొగుడు మంచివాడే, మామగారి సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఒంట్లో బాగా లేనప్పుడు మంచివాళ్ళు సరిపోరు, అమ్మ కావాలి. గుణదల స్టేషన్లో బండి కూత వేసినప్పుడల్లా వినీలకు గుండె కింద ఏదో కదిలేది. అది కడుపులో బిడ్డో, బెంగో తనకే తెలిసేది కాదు. అమ్మ చేతి మామిడికాయ చేపలపులుసు కావాలి. తలకు నూనె పెడుతూ ఊళ్ళోవాళ్ళందరినీ ఏకరువు పెట్టే ఆ గొంతు కావాలి. ఊరికే పక్కన కూర్చున్నా చాలు. రోజూ ఫోన్లో అడిగేది.

"నువ్వే రావే అమ్మా."

"ఎట్టా వచ్చేదే? మొదటి పురుడు పుట్టింట్లో పొయ్యాల్సినదాన్ని, వియ్యాలారింట్లో కూర్చుని తింటే నలుగురూ ఏమనుకుంటారు? నీ నాన్న తల ఎక్కడ పెట్టుకుంటాడు?"

అమలమ్మ పట్టుదల అలాంటిది. ఒకసారి చూడ్డానికి వచ్చింది కూడా. కుర్చీ అంచున కూర్చుని, మజ్జిగ తాగి, కూతురి తల నిమిరి, సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే వెళ్ళలేనని ఆమెకూ తెలుసు.

ఆ సాయంత్రం వినీల దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. శౌరయ్యగారు గుమ్మంలో కాసేపు తచ్చాడి, లోపలికొచ్చి గొంతు సవరించుకున్నారు. మామగారు ఓదారుస్తారేమోనని వినీల కళ్ళు తుడుచుకుంది.

"అమ్మాయ్, మీ రెల్లుమూడి హాల్టులో టిక్కెట్లిచ్చే గది పట్టాలకి ఏ పక్కనుంటది?"

వినీల బావురుమంది. హెలెన్‌గారు గరిటతో సహా పరుగెత్తుకొచ్చారు. "మీకసలు బుద్ధుందా? బిడ్డ తల్లి కోసం ఏడుస్తంటే మీకు టిక్కెట్ల గది కావాల్సొచ్చిందా!" ఆయన తల గోక్కుని, "సరే, వియ్యపురాల్నే అడుగుతా" అంటూ వెళ్ళిపోయారు.

అక్కడితో ఆగారా? లేదు. పైగా తన గదిలో ఫ్యాను సరిగా తిరగట్లేదని కంప్యూటర్ని బల్లతో సహా తెచ్చి వినీల గదిలోనే వేసుకున్నారు. మర్నాడు అక్కణ్ణుంచే అమలమ్మకు ఫోను.

"చెల్లెమ్మగారూ, మీ హాల్టు కడతన్నా. స్టేషన్‌ నుంచి కనపడే పెద్ద చర్చి ఉందిగా, అది పక్కూరిదంట గదా? వాళ్ళ ఊళ్ళోనే పెట్టి, వాళ్ళ పేరే రాశా."

ఫోను వినీల చెవి దాకా వినిపించేంతగా అదిరింది. "పక్కూరిదా! ఎవరా అన్నది? మా తాతలు ఇటుకలు మోసి కట్టిన గుడి అన్నయ్యగారూ అది! వాళ్ళ ఊళ్ళో ఉన్నది రేకుల షెడ్డు!"

"నాకేం తెలుసమ్మా? మీరొచ్చి పక్కన కూర్చుని చెప్పకపోతే అట్టాగే ఉండిపోద్ది. లోకమంతా చూస్తది మరి." లోకమంతా అంటే ఫిన్నీ, హెలెన్‌గారు. ఆ మాట ఆయన చెప్పలేదు.

మర్నాడు పొద్దున బండికే అమలమ్మ దిగింది. "ఉండటానికి రాలేదు వదినగారూ, పనిమీదొచ్చా" అని గుమ్మంలోనే హెలెన్‌గారికి తేల్చిచెప్పి, నేరుగా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. చర్చిని పెకలించి సొంత ఊళ్ళో పెట్టించింది. అంతలో మధ్యాహ్నమైంది. పనిచేసిన మనిషి తినకుండా ఎలా వెళుతుంది? తిన్నది. చర్చి పని అయ్యేసరికి చూస్తే ప్లాట్‌ఫారం కాలవలో ఉంది. అది ఒడ్డుకు లాగేసరికి సాయంత్రం బండి వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. రాత్రికి బాగానే ఉన్న హాల్టు తెల్లారేసరికి ఏదో ఒక రోగంతో కనిపించేది. ఒకరోజు పట్టాలు వంకర, ఇంకోరోజు టిక్కెట్ల గది తలకిందులు. "మామూలు కాంట్రాక్టరైతే ఎప్పుడో తీసేసేవాళ్ళు" అనేవారు హెలెన్‌గారు. అమలమ్మ మాత్రం నడుం బిగించి సరిచేయించేది. మంచం పక్కనే పని గనుక ఒక చేత్తో తెరమీద చూపిస్తూ రెండో చేత్తో కూతురికి కాళ్ళు నొక్కేది. నడుమ నడుమ పులుసు కాచేది, తలకు నూనె పెట్టేది. ఊళ్ళో ఎవరైనా ఫోనుచేసి ఎప్పుడొస్తావంటే, "పని తెమల్లేదమ్మా" అని గర్వంగా చెప్పేది. నాలుగు వారాలకే వినీల బుగ్గలు నిండాయి. బండి కూత వేసినా దిండు తడవడం మానేసింది. కాకపోతే హాల్టు అయిపోతే అమ్మ వెళ్ళిపోతుందన్న దిగులు మాత్రం లోలోపల ఉండేది.

ఒక మధ్యాహ్నం వినీల కళ్ళు మూసుకుని పడుకుంది. అమలమ్మ వంటింట్లో ఉంది. మౌస్ చప్పుడుకి వినీల ఓరగా చూసింది. రోజూ బాణం గుర్తు కోసం తెరంతా వెతుక్కునే శౌరయ్యగారు, ఇప్పుడు రెండే రెండు నొక్కులతో ప్లాట్‌ఫారాన్ని చక్కగా పైకి లేపి, ఆకాశంలో నిలబెట్టి, వెనక్కి వాలి తృప్తిగా చూసుకున్నారు.

"మావయ్యగారూ!"

ఆయన ఉలిక్కిపడి వేలు పెదాల మీద పెట్టారు. "ష్! మీ అమ్మ వింటది."

"మీకు కట్టడం వచ్చా?"

"ఎప్పుడో వచ్చింది. హాల్టు మొదటి రోజే అయిపోయిందమ్మా. చెడగొట్టడమే కష్టంగా ఉంది. రోజుకో కొత్త తప్పు ఎక్కణ్ణుంచి తెచ్చేది?" ఆయన గొంతు తగ్గించారు. "అది పూర్తయితే సాయంత్రం బండికి ఎక్కేస్తది మీ అమ్మ."

వినీల ఆయన చెయ్యి పట్టుకుంది, అంతే. ఈలోపు అమలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర చూసింది.

"అయ్యో అన్నయ్యగారూ, మళ్ళీ లేచిపోయిందా! సరే, దించుదాం. అన్నట్టు, రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. టిక్కెట్ల గది పక్కన చింతచెట్టు మర్చిపోయాం. పెద్ద చెట్టు. ఆకు ఆకూ కనపడేట్టు వెయ్యాల."

వినీల తల్లి మొహంలోకి చూసింది. ఆ హాల్టు నుంచే తను రోజూ కాలేజీకి వెళ్ళింది. నిలువ నీడ లేక, చున్నీ నెత్తిన వేసుకుని ఎండలో మాడింది. అక్కడ చింతచెట్టు కాదు గదా, చెట్టన్నదే లేదు. అమలమ్మ కూతురి కళ్ళలోకి చూడలేదు. దుప్పటి సరిగానే ఉన్నా మళ్ళీ సర్దింది. ఆమె పెదవి మాత్రం నవ్వు ఆపుకోలేక వణుకుతోంది.

శౌరయ్యగారు నిజంగానే నమ్మి కళ్ళజోడు పెట్టుకున్నారు. "చింతచెట్టు ఏ పక్కనమ్మా వినీలా? కుడిపక్కా, ఎడమపక్కా?"

వినీల ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఒక చెట్టేంటి మావయ్యగారూ," అంది, "అక్కడుండేది తోపు."

"తోపే? ఆకు ఆకూ వెయ్యాలంటే పురుడొచ్చేదాకా పడుద్దే!" శౌరయ్యగారి మొహం వెలిగిపోయింది.

"పడితే పడనియ్యండి అన్నయ్యగారూ," అంటూ అమలమ్మ కుర్చీలో వెనక్కి జరిగి, తొలిసారిగా పూర్తిగా ఆనుకుని కూర్చుంది. "మొదలుపెట్టాక మధ్యలో వదిలేసి ఎట్టా పోతాం?"