ఒడ్డుకొచ్చిన పాట

ఆదిలక్ష్మి టీచర్ గారు పరమపదించారన్న కబురు వచ్చేసరికి నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. ఆవిడ మేనకోడలు వాణి ఫోన్ చేసి "పిన్నీ, అత్త పోయింది" అంది. తడిబట్ట చేతిలో పట్టుకుని "ఎక్కడికే?" అని అడిగాను. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, అంత చిన్న మాట నాకు బోధపడలేదు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నారని తెలుసు, ఇంక కోలుకోరని డాక్టర్లు అన్నారనీ తెలుసు. తెలిసిన సంగతి జరిగితే మనిషి ఇంతలా దిమ్మెరపోవడమేమిటో! వాణి అవతల "పిన్నీ, పిన్నీ" అంటూనే ఉంది.

శ్రీకాకుళంలో ఆడపిల్లల బడికి ఆవిడ సంగీతం టీచరు, నేను తెలుగు టీచర్ని. అరసవల్లిలో తరతరాలుగా దేవుడి సన్నిధిలో కీర్తనలు పాడిన వంశం వారిది. ఆ నిష్ఠ, ఆ విద్వత్తు ఆవిడకి పుట్టుకతోనే వచ్చాయి, గొంతు మాత్రం అబ్బలేదు. ఆ మాట ఇంకెవరో అనేదాకా ఆగకుండా ఆవిడే అనేసేవారు: "మా ఇంట గొంతులన్నీ మగాళ్లు అట్టుకుపోయారే పార్వతీ. నాకు మిగిలింది రాళ్లబియ్యం." చదువుకున్న వంశమైనా బడిలోనూ, సభలోనూ ఊరి మాటే మాట్లాడేవారు. కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్సు ఒకావిడ దానికి మొహం చిట్లిస్తే, "నాను మారను గానీ, మీరే అలవాటు పడిపోండి" అని నవ్వేశారు.

కొత్త పాట ఏది మొదలుపెట్టినా పిల్లల్ని ముందు పాడనిచ్చేవారు కాదు. అందులో ఏముందో ఇంటికి వెళ్లి, వాళ్లమ్మకి కబురు చెప్పినట్టు ఇంటి మాటల్లో చెప్పి రావాలి. మర్నాడు "మీ అమ్మ ఏటందే?" అని ఆరా తీసేవారు. "ఏటీ అన్లేదు టీచర్" అంటే, "అయితే నీకే తెలీలేదన్నమాట. మళ్లీ సెప్పి రా" అని తిప్పి పంపేవారు. భక్తుడు దేవుణ్ణి నిలదీసే కీర్తన ఒకటి అలా చెబితే, ఒక పిల్ల తల్లి పప్పు రుబ్బుతున్నదల్లా చెయ్యి ఆపి, "అయ్యో, ఆ బాబుకి ఎవులూ లేరేటి?" అందట. ఆ మాట విన్నప్పుడు టీచర్ గారి మొహం చూడాలి! "ఇంక పాడవే తల్లీ" అన్నారు. నా పీరియడ్ కూడా మీరే తీసుకోండి, నేను ఇంటికిపోయి పడుకుంటానని నేను దెప్పేదాన్ని.

ఒకసారి తెలిసినవాళ్ల పెళ్లికి ఇద్దరం విజయనగరం వెళ్లాం. తలంబ్రాల వేళ మైకులో ఒకమ్మాయి కమ్మగా పాడుతోంది, పందిరంతా తలలూపుతోంది. టీచర్ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీలో ఊగిపోతున్నారు. ఏడుస్తున్నారేమోనని కంగారుపడ్డాను. తీరా చూస్తే నవ్వు! "ఒసే, మొగుడు ఒగ్గీసి ఎళ్లిపోయిందాని పాటే అది! తలంబ్రాలకి పాడిస్తన్నారు!" అన్నారు చెవిలో. ఆ తర్వాత ఆ పెళ్లికూతురు ఎక్కడ కనిపించినా పక్కన మొగుడున్నాడా అని వెతుక్కునేదాన్ని. వాళ్లిద్దరూ మాత్రం నిక్షేపంలా ఉన్నారు.

అంతటి మనిషీ ఒక్క పాట దగ్గర మోసపోయారు. కళింగపట్నం నుంచి వచ్చి హాస్టల్లో చదువుకునే మంగ అనే పిల్ల, తమ వాడలో విన్నదని ఆవిడకి ఒక పాట పాడి వినిపించింది.

*తెరసాప వచ్చినాది, పెద్దోడిదే అమ్మలాలా*
*తెడ్డొకటి వచ్చినాది, నడిపోడిదే అమ్మలాలా*
*తలగుడ్డ వచ్చినాది, సిన్నోడిదే అమ్మలాలా*

ఎంత హుషారైన వరస అనుకున్నారు! వింటుంటే కాళ్లు ఊరుకునేవి కావు. అన్నదమ్ములు వేట ముగించుకుని ఒడ్డుకొస్తున్నారు, ఆడవాళ్లు దూరం నుంచే గుర్తుపట్టి మురిసిపోతున్నారు అని మేమందరం అనుకున్నాం. టీచర్ గారు దానికి ఆట కట్టారు. పిల్లలు పాత చీరని తెరచాపలా ఎత్తి, అట్టతో చేసిన తెడ్డు తిప్పి, చివర్లో తలగుడ్డ గాల్లోకి విసిరేవారు. హాలు దద్దరిల్లేది. ఆవిడ శిష్యురాళ్లు టీచర్లై ఆ పాటని జిల్లాలో బడిబడికీ మోసుకుపోయారు. తర్వాత ఎవరో దానికి డప్పులు తగిలించారు. ఇప్పుడది ఆటోల్లో ఉంది, పెళ్లి ఊరేగింపుల్లో ఉంది, మీరూ వినే ఉంటారు.

మేం రిటైరయ్యాక ఒకనాడు మంగ కళింగపట్నంలో తన గృహప్రవేశానికి మా ఇద్దర్నీ పిలిచింది. భోజనాలయ్యాక మా గౌరవార్థం వాడ పిల్లల చేత ఆ పాటకే ఆడించింది. అప్పటిదాకా మా పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్న మంగ అత్తగారు పాట మొదలవగానే లేచి, ఇసకలో ఎండబెట్టిన చేపల దగ్గరికి వెళ్లిపోయింది. టీచర్ గారు ఆవిడ వెనకాలే వెళ్లారు. నేనూ వెళ్లాను.

"ఏటమ్మా, కోపమొచ్చినాదేటి?"

"కోపమేటికమ్మా. పిల్లలు బాగానే ఆడతన్నారు. నానే సూడలేను." చేపల్ని తిరగేస్తూనే చెప్పింది. "ఇప్పుడంటే మరబోట్లు, సెల్లులు వచ్చినాయి. అప్పుడు తెప్ప ఇరిగిపోతే ముందల మనుసులు రారమ్మా, సామాన్లు వస్తాయి. ఆడోళ్లం ఒడ్డెమ్మట పరిగెత్తి, ఏది దొరికితే అది ఎవుడిదో గుర్తుపట్టి కేకెయ్యాల. ఎనకాల వచ్చేవోళ్లకి ఇనపడాల గదా. మా అత్త అలాగే కేకేసినాది. నానూ ఏసినాను."

టీచర్ గారూ వంగి ఒక చేపని తిరగేశారు. తర్వాత సంగీతం టీచరు అడిగే ప్రశ్నే అడిగారు. "మరి అంత జోరుగా పాడతారేటమ్మా?"

"పరిగెత్తతా పరిగెత్తతా నిమ్మళంగా ఎలాగ పాడతాం? ఇంకో కెరటం వస్తే అట్టుకుపోదేటి?"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "సామాను వచ్చిందన్నారే గానీ, మనిషి వచ్చాడని ఒక్క ముక్కలోనైనా ఉందేటే? సంస్కృతానికి అర్థం అడిగాను, ఒడియా భజనకి అడిగాను. తెలుగే గదా అని దీన్ని అడగలేదు." నేనూ అడగలేదు, తెలుగు నా సబ్జెక్టే కదా.

ఆ రోజు నుంచీ ఆవిడకి ఆ పాట చెవినబడితే చాలు, ఉన్నచోట ఉండలేకపోయేవారు. నెమ్మదిగా పాడి విషాదగీతంగా దిద్దుదామని ప్రయత్నించి, "ఇది అబద్ధం, ఆళ్లు పరిగెత్తారు" అని మానేశారు. "అదే వరస, అదే తాళం. ఒక్క అక్షరం మారలేదు. నా సెవులే మారిపోనాయే" అనేవారు. పాటలో దిద్దడానికి తప్పేమీ లేదు. వినేవాళ్లకి ఒక్కొక్కరికీ చెప్పుకోవడమే మిగిలింది. బళ్లకి వెళ్లి చెబుదామంటే, పెద్దావిడ వచ్చారని దండవేసి, ఆవిడ గౌరవార్థం అదే పాటకి ఆడించేవారు. ఒక మాస్టారు "అర్థం ఎవరు చూస్తారమ్మా, బీటు బాగుంది" అన్నాడు. ఒకసారి అరసవల్లి ఆటోలో ఆవిడ "బాబూ, అది ఆపు నాయనా" అంటే, "బాగోలేదేటమ్మా?" అన్నాడు డ్రైవరు. "బాగుంది, అదే బాధ" అన్నారు. అతను నవ్వి ఇంకాస్త సౌండు పెంచాడు.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు నన్ను దగ్గరకి పిలిచారు. "నాను పోయాక సంతాపసభ పెడతారు, మానరు. ఆ పాటకి పిల్లల్ని ఆడనివ్వకే. నీకు తప్ప ఇంకెవరికి సెప్పను?" అలాగేనక్కా అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

సభ మా పాత బడిలోనే జరిగింది. నేను వెళ్లేసరికే పిల్లలు తెరచాపలతో, తెడ్లతో తయారై ఉన్నారు. నిర్వాహకుల కాళ్లావేళ్లా పడ్డాను. "పొద్దున్నించీ వేషాలేసుకుని కూర్చున్నారు మేడమ్, ఇప్పుడు వద్దంటే ఏడుస్తారు. మీరు ముందు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను మైకు పట్టుకుని మొత్తం చెప్పాను. తెప్ప విరగడం, సామాను రావడం, ఒడ్డెమ్మట ఆ పరుగు, అన్నీ చెప్పాను. హాలు నిశ్శబ్దమైపోయింది. ముందు వరసలో ఒక తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కా, విన్నారే వీళ్లు, అనుకున్నాను.

అంతలో తెర లేచింది, పాట మొదలైంది. తెర వెనక గజ్జెల సందడిలో ఉన్న పిల్లల చెవిన నా మాటలేవీ పడలేదు. నవ్వు మొహాలతో, గజ్జెలతో ఉరుకుతూ వచ్చారు. హాల్లో ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. తెరచాప ఎత్తారు, చప్పుడు లేదు. తెడ్డు తిప్పారు, చప్పుడు లేదు. పిల్లల అడుగులు తడబడ్డాయి. తామేం తప్పు చేశామో తెలియక మా మొహాల్లోకి చూడసాగారు. చిన్న పిల్ల ఒకతి కింది పెదవి వంచి ఏడుపుకి సిద్ధమైంది. ఇంక నా వల్ల కాలేదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఆ వెంటనే హాలంతా అందుకుంది. పిల్లల మొహాలు వెలిగాయి, తలగుడ్డ గాల్లోకి లేచింది.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. అంతటి గురువుని, అంతటి స్నేహితురాలిని మా ఊరు మళ్లీ చూడదు. ఆవిడ పాదాలకి నమస్కరించాలంటే కూడా చేతులు సిగ్గుపడుతున్నాయి. ఆ పిల్ల మొహం చూస్తే ఆవిడైనా చప్పట్లు కొట్టి ఉండేవారా, లేక ఏడవనిచ్చేవారా? అడుగుదామంటే ఆవిడ లేరు.