వంగని మోకాళ్ళు

మొన్న మలేషియాలో, మా కువాలా సెలంగోర్ జెట్టీ మీద ఒక తెల్లాయన గొంతుక్కూర్చుని ఎండురొయ్యలు ఏరుకుంటుంటే నా చెవులు వేడెక్కాయి.

చిన్నప్పుడు అక్కడే చీనా తాత ఎండుచేపల కొట్టు ఉండేది. నేనూ బడీ ఒకరినొకరం త్వరగానే వదిలేసుకున్నాం కాబట్టి, నా చరిత్ర పాఠాలన్నీ ఆయన దగ్గరే. మొదట్లో చీనాకి తెల్లవాళ్ళ ఓడలు వచ్చినప్పుడు, వాళ్ళ బిగుతు లాగులు చూసి, ఆ మోకాళ్ళు వంగవనీ, పడితే లేవలేరనీ చీనావాళ్ళు అనుకున్నారట. నేను నిజమనే నమ్మాను.

ఒకరోజు కొట్టుకి ఒక తెల్లావిడ వచ్చింది. పరీక్షకని ఆవిడ ముందు గోలీలు జారవిడిచాను. ఆవిడ చక్కగా గొంతుక్కూర్చుని ఏరిచ్చింది.

"ఒంగినాయి లాహ్! ఈళ్ళు పడితే లెగలేరన్నావు, అబద్దాలకోరు తాతా!" అని మలయ్‌లో అరిచాను.

కొట్టంతా గొల్లుమంది. ఎవరో ఇంగ్లీషులో చెబితే ఆవిడా నవ్వింది. తాత ఒక్కడే నవ్వలేదు. మెడ దాకా ఎర్రబడి, ఆవిడకి తల వంచి, "మా పెద్దోళ్ళు దూరం నుంచే చూసినారమ్మా" అన్నాడు.

"ఏటే, పెద్దాయన్ని నలుగుర్లో అలాగ నవ్వులపాలు సేసినావు?" అని, ఎండుచేపలు కొనడానికొచ్చిన అమ్మ నన్ను బయటికి లాక్కెళ్ళింది. నాకు మాత్రం ఆ నవ్వులే చెవుల్లో తియ్యగా ఉన్నాయి.

జనాన్ని నవ్వించడం నాకు ఆ రోజే అలవాటైంది. ఎవరి పరువు ఖర్చుపెట్టి నవ్వించానో తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.